నిచ్చెన తీయని విమలాదేవి

ఆ, నిచ్చెన దగ్గర కదా ఆగాం. మీరు చాయ్ తాగి వచ్చేలోపు కొత్తవాళ్లు కూడా వచ్చి కూర్చున్నట్టున్నారు, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. బడిలోనూ నాది ఇదే అలవాటు. ఆలస్యంగా వచ్చిన పిల్ల గుమ్మంలో కనిపిస్తే పాఠం మళ్లీ మొదలుపెట్టేదాన్ని. ముందు వరుసవాళ్లు గొణిగేవారు. మీరూ గొణగండి, నేనేమీ అనుకోను.

విమలాదేవిది చార్మినార్ దగ్గరి బజారులో బట్టల దుకాణం. జాకెట్టు ముక్కలు, లైనింగు గుడ్డ, చీర ఫాల్సు. ఏ రంగు చీర పట్టుకెళ్లినా దానికి సరిపోయే ముక్క చెయ్యి పెట్టగానే తీస్తుంది. తీసి, "ఇది గాకుంటే ఇంకోటి గాదు టీచరమ్మా, ఇదే," అంటుంది. ఇంకోటి చూపించమంటే చూపించదు. చూపించదని తెలిసి కూడా నేను జహనుమాలోని మా ఇంటి నుంచి ఆటో ఎక్కి అక్కడికే వెళ్తాను.

ఆ బజారంతా నిజాముల కాలంలో ఒకే తీరుగా కట్టింది. ఊరికి రైలు వచ్చిన రోజులవి. రైలు వెంట కొత్త సర్కారు కచేరీలు, వీధి దీపాలు, ఇంజనీర్లు. విలాయతు చూసి వచ్చిన పెద్దలకు మన ఊరు కూడా అలా ఉంటే బాగుండు అనిపించింది. కింద రాతి కమాన్లు, పైన గుండ్రటి తలల కిటికీలు, వాటికి చెక్క పలకల రెక్కలు, ముందు పోత ఇనుప కటకటాల చిన్న చిన్న బాల్కనీలు. ఇప్పుడు మీరు వెళ్లి తలెత్తి చూస్తే ఇందులో ఒక్కటీ కనిపించదు. దుకాణదార్లందరూ ముందు భాగానికి తళతళలాడే రేకులు తొడిగి, వాటి మీద కిందికీ మీదికీ పరుగెత్తే అక్షరాల లైట్లు పెట్టారు. ఫ్రిజ్‌లు వరసగా నిలబెట్టినట్టుంటుంది వీధి.

విమలాదేవి దుకాణానికి మాత్రం రేకు లేదు. కమాను నడినెత్తిన గచ్చుతో చేసిన ఒక ఆడమనిషి ముఖం ఉంటుంది. ఉంగరాల జుట్టు, తల మీద ఏవో గుత్తులు. ఏటా సున్నం మీద సున్నం పడి కళ్లు సగం మూసుకుపోయాయి, ముక్కు మొద్దయింది. ఆ ఇంటివాళ్లకు ఆమె లక్ష్మమ్మ. దీపావళి పొద్దున ఇంటి పెద్దకోడలు వెదురు నిచ్చెన ఎక్కి ఆ ముఖానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేస్తుంది. కోడలు దిగేదాకా దుకాణంలో ఏ పనీ జరగకూడదు. ఆ నిచ్చెనను ఇంటి మగవాళ్లు ముట్టకూడదు. పట్టుకోవలసింది ఇరుగుపొరుగు ఆడవాళ్లే. ఈ నియమం ఎవరు పెట్టారో అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఎవరో గట్టి ఆడమనిషే పెట్టి ఉంటుందని నా అనుమానం.

విమలాదేవి జహీరాబాదు నుంచి కోడలిగా వచ్చింది. మొదటి దీపావళికి నిచ్చెన చూసి ఏడ్చిందట.

"మా అమ్మగారింట్ల అటుక ఎక్కుడు గూడ నాకు భయమే టీచరమ్మా. సగం దాకా ఎక్కినంక కాళ్లు వణుకవట్టినయి. కిందికెళ్లి మా అత్త నాగమణమ్మ అంటది, లచ్చుమమ్మ ముక్కు వట్టుకోవే, ఆమె ఏమనుకోదు అని. ఇగ ముక్కు వట్టుకున్న. మా అత్త గూడ ఎన్కట గట్లనే వట్టుకున్నదట."

అప్పటి నుంచి నేను ఆ ముక్కును సున్నం పాడుచేసిందని అనడం మానేశాను. అది భయపడ్డ కోడళ్ల చేతుల్లో అరిగిన ముక్కు.

ఆమె భర్త బసవయ్య నెమ్మదైన మనిషి. ఆయన చనిపోయిన ఏడు, దీపావళికి ముందు బంధువులు వచ్చి కూర్చున్నారు. ఇక నువ్వు ఎక్కకూడదు, చిన్నకోడలు కృష్ణమ్మ ఎక్కాలి అన్నారు. కృష్ణమ్మ అంటే బసవయ్య తమ్ముడు బాలకిషన్ భార్య. ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, "అక్క ఉండంగ నేనెక్క. నాకు కండ్లు తిరుగుతయి," అంది. నాకు నవ్వు ఆగలేదు, ఎందుకంటే కృష్ణమ్మ నా దగ్గర చదువుకుంది. చింతకాయల కోసం బడి వెనక చెట్టు చిటారుకొమ్మ దాకా పోయేది. నేను కింద నిలబడి దిగవే దిగవే అని అరుస్తుంటే, నా కొంగులోకే కాయలు విసిరేది.

ఆ ఏడు దీపావళి పొద్దున విమలాదేవి ముందు తన నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుంది. తర్వాత నిచ్చెన వేయించింది. పక్క కమాను కింద గాజులమ్మే మున్నీ వచ్చి నిచ్చెన పట్టుకుంది. బంధువులు రోడ్డు మీద నిలబడి చూశారు. పై మెట్టు మీద నుంచి విమలాదేవి, "ఎవలన్న ఊపేదుంటే ఇప్పుడే ఊపుండ్రి. మల్ల ఏడాది దాకా దొరక," అంది. ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత ఏటా ఆమే ఎక్కుతోంది, ఎవరూ కూర్చుని చెప్పడానికి రాలేదు.

ఇక నా సంగతి. రిటైరయ్యాక నాకు కాళ్లూ ఆగవు, నోరూ ఆగదు. పాతబస్తీ కట్టడాలు చూపించే నడక ఒకటి ఉందని తెలిసి ఓ ఆదివారం వెళ్లి చేరాను. స్రవ్య అని ఒక చిన్నపిల్ల చూపిస్తుంది. కాళ్లకు బూట్లు, చెంప దగ్గర మైకు. "షాపులు చూడకండి, తలెత్తి చూడండి," అంటుంది. తలెత్తితే చాలు, రేకుల సందుల్లో నుంచి పాత కిటికీ తల ఒకటి, కటకటాల చివరొకటి, పావురాలు కాపురముంటున్న రాతి ఆకులు. నలభై ఏళ్లు అదే వీధిలో తిరిగి, తల దించుకుని బేరాలే చేశానని నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను.

విమలాదేవి దుకాణం ముందుకు రాగానే నేనాగలేక అందరికంటే ముందు, "ఈమె మా లక్ష్మమ్మ," అన్నాను.

స్రవ్య మెత్తగా నవ్వింది. "లక్ష్మి కాదు మేడమ్. యూరప్‌లో భవనాల మీద ఇలాంటి ముఖాలు పెట్టేవాళ్లు. ఆ ఫ్యాషన్ ఇక్కడికీ వచ్చింది. తల మీద ద్రాక్షగుత్తులు చూశారా? అక్కడి పాత కథల్లో ద్రాక్షసారా దేవుడొకడు ఉంటాడు. ఆయన వెంట తిరిగే ఆడవాళ్లకు పెడతారు అవి."

నడివీధిలో పకపకా నవ్వాను. మన లక్ష్మమ్మ తాగుతుందా అని కూడా అన్నాను, అందరూ నవ్వారు. దుకాణం గడపలో బాలకిషన్ నిలబడి ఉన్నాడు. అతను మాత్రం నవ్వలేదు. విన్నాడు.

బాలకిషన్ చెడ్డవాడు కాదు. దుకాణంలో అతనికీ సగం ఉంది. వీధంతా వెలుగుతుంటే తమదొక్కటే మసిబారినట్టుందని, కొత్త గిరాకీ లోపలికి రావడం లేదని అతని బాధ. రేకు తొడిగిద్దామని ఎన్నో ఏళ్లుగా అంటున్నాడు. కానీ ముఖం గోడలో నుంచి జానెడు ముందుకు వచ్చి ఉంటుంది. రేకు సాఫుగా కూర్చోవాలంటే దాన్ని కొట్టెయ్యాలి. లక్ష్మమ్మ ముక్కు మీద సుత్తె వేసే ధైర్యం అతనికి లేదు. నా నవ్వు పుణ్యమా అని ఆ భయం ఎగిరిపోయింది.

మర్నాడే వదినతో అన్నాడట. "ఇన్నవా వదినా? అది లచ్చుమమ్మ గాదంట. తాగుబోతు దేవునెంబడి తిరిగే దొరసానంట. కొట్టేస్తె పాపం లేదు, ఏం లేదు."

"ఎవలన్నరు?"

"మీ టీచరమ్మ ఎంబడి ఒచ్చిన పిల్లనే."

స్రవ్యకు ఈ సంగతి చెప్తే కంగారుపడి తనే దుకాణానికి వచ్చింది. "అంకుల్, అది చాలా పాతది, పగలగొట్టకండి," అంది. "పాతది గావట్టే కొడ్తున్న బిడ్డా," అన్నాడు బాలకిషన్. ఆ పిల్లకు అతి మర్యాదగా సోడా కూడా తాగించి పంపాడు.

ఇవాళ పొద్దున దుకాణం ముందు రేకులు దిగాయి. దీపావళి ఇంకా వారముంది. ఫిట్టరూ అతని మనుషులూ డ్రిల్లు, సుత్తెలు, ఇనుప స్టాండు తెచ్చారు. మున్నీ ఫోన్ చేస్తే నేను పరుగున వెళ్లాను. నేను వెళ్లేసరికి కమానుకు వెదురు నిచ్చెన ఆనించి ఉంది. విమలాదేవి చీర కుచ్చిళ్లు దోపుకుని, నోట్లో కుంకుమ పొట్లం పట్టుకుని, సగం పైకి ఎక్కేసింది. అదీ, ఇందాక మనం ఆగింది అక్కడే.

"వదినా, ఇయ్యాల దీపావళి గాదు," అన్నాడు బాలకిషన్ కింద నుంచి.

ఆమె పొట్లం చేతిలోకి తీసుకుని, "కోడలు ఎక్కిన్నాడే దీపావళి," అంది.

పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. దిగలేదు. ముఖం పక్కనే ఉన్న బాల్కనీలోకి కాలు వేసి, కటకటాలకు వీపు ఆనించి కూర్చుంది. ఆ బాల్కనీకి లోపలి నుంచి తలుపుంది కానీ, దానికి అడ్డంగా బట్టల మూటలు పేర్చి ఏళ్లయింది. ఇక ఆమె దిగడానికి దారి ఆ నిచ్చెనొక్కటే. దాన్ని ఒకపక్క మున్నీ, ఒకపక్క నేను పట్టుకున్నాం.

బాలకిషన్ ఒక అడుగు ముందుకు వేశాడు. మున్నీ గాజులు గలగలమన్నాయి. "నక్కో భాయ్, నిచ్చెన ముట్టకు. పోయిన మీ అమ్మీ చూస్తది పైకెళ్లి," అంది. అతను వెనక్కి అడుగు వేశాడు. నియమం నియమమే. కోడలు పైనుండగా ఫిట్టరు మనుషులు కూడా పనికి చెయ్యి వేయలేదు. స్టాండు మీద కూర్చుని బీడీలు ముట్టించారు.

ఫిట్టరుకే జాలేసింది. "అమ్మా, ముఖం కాడికి రేకుకు రంధ్రం కోస్త. ముఖం బయటికి కనవడ్తది. మంచిదేనా?"

"ఏంది, బస్సు కిటికీలకెళ్లి తలకాయ బయట వెట్టినట్టా? వద్దు."

"వదినా, ఆమె మన దేవత గాదని సదువుకున్నోళ్లే అన్నరు గద. ఎక్కడిదో విలాయతుది."

విమలాదేవి కొంచెం ముందుకు వంగింది. బజారు నిలబడి చూస్తోంది, బురఖాల్లో వచ్చినవాళ్లు, ఆటోవాళ్లు, చంకల్లో పిల్లలు. ఆమె గొంతు పెంచలేదు. "విలాయతుదైతే ఏమాయె బాలకిషన్? నేను జహీరాబాదుకెళ్లి ఒచ్చిన. ఒచ్చిన కొత్తల నన్ను గూడ ఈ ఇంటిదని ఎవలన్నరు? మీ అమ్మ బొట్టు వెట్టి, ఇగ ఇంటిదే అన్నది. ఈమెకు గూడ మీ అమ్మనే వెట్టింది, మీ అమ్మ అత్తనే వెట్టింది. తాగుతదో తాగదో నాకెరుక లేదు. నేను కింద వడకుంట ముక్కు ఇచ్చింది. దూరంకెళ్లి ఒచ్చినోళ్లను కొట్టెయ్యాలంటె ముందుగాల నన్ను కొట్టు. ఈన్నే కూసున్న."

"ఒక్క ముక్కే గద కొట్టేది," అన్నాడు ఫిట్టరు మెల్లగా.

"నీ ముక్కు ముందుగాల ఇయ్యి," అంది మున్నీ.

మధ్యాహ్నం అయింది. ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెచ్చి, చిన్న క్యానుకు తాడు కట్టి పైకి పంపాం. రొట్టె పంపాం. ఎవరో బురఖా ఆవిడ కింద నుంచే, "ఖాలా, నా నీలం చీరకు ముక్క చెప్పు," అని చీర ఎత్తి చూపించింది. విమలాదేవి పై నుంచే చూసి, "దుకాణం తెరిచినంక రా. మూడో అర, అడుగున ఉన్నది," అంది. జనం నవ్వారు. బాలకిషన్ పెదవి కూడా కదిలినట్టే అనిపించింది, కానీ తల తిప్పుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఆమె మోకాలు బిగిసింది. దిగుతుంటే ఒక్కో మెట్టుకూ పళ్లు కొరుక్కోవడం నాకు కనిపించింది. కింద కాలు పెట్టి, "నిచ్చెన తియ్యకుండ్రి," అంది.

మనుషులు రేకులను గోడకు ఆనించి వెళ్లిపోయారు. బాలకిషన్ షట్టరు కిందికి లాగుతూ, కోపం లేకుండానే అన్నాడు. "రేపు మల్ల ఒస్తరు వదినా. నీ మోకాలు రేపు ఎక్కనిస్తదా?"

"నా మోకాలుతోని పనేంది? ఈ ఇంట్ల కోడలు నేనొక్కదాన్నేనా?"

"కృష్ణమ్మనా? ఆమెకు కండ్లు తిరుగుతయి."

నేను మళ్లీ నవ్వాను. ఆపుకుందామనే చూశాను, కుదరలేదు. అతను నా వైపు అనుమానంగా చూశాడు. "ఏంది టీచరమ్మ, నవ్వుతున్నరు?" అన్నాడు. చింతచెట్టు గుర్తొచ్చింది నాయనా అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

కృష్ణమ్మను నువ్వే అడగరాదా అన్నాను విమలాదేవితో. ఆమె మోకాలు పిసుక్కుంటూ తల అడ్డంగా ఊపింది. "నేనడగ. నేనడిగితె అక్క హుకుమ్ అయితది. ఆయెన మొగడు, నేను అక్క, నడిమిట్ల ఆమె నలుగుతది. ఎక్కితె ఆమె మనసుతోని ఎక్కాలె. నాకప్పుడు దారి ఇడిసింది, అది మర్వలేదు నేను. ఇంక ఎక్కువ అడుగుతనా?"

విమలాదేవి అడగదు. సరే, నేను ఎవరికీ అక్కను కాను, హుకుం ఇచ్చేంత దాన్ని కాను. వట్టి టీచర్ని. పైగా ఈ ముక్కు మీదికి సుత్తె తెచ్చింది నా నోరే, కాబట్టి దాన్ని ఆపడానికీ ఈ నోరే పనిచేయాలి. బాలకిషన్ ఇల్లు చేరి స్నానానికి వెళ్లే వేళయింది, ఫోన్ కృష్ణమ్మ చేతిలో ఉంటుంది. మీతో ఇంతటితో ఆపి ఆ పిల్లకు ఫోన్ చేస్తున్నాను. కృష్ణా, నీకు కళ్లు తిరగవని నాకొక్కదానికే తెలుసు, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు అంటాను. పొద్దున ఫిట్టరు రాకముందే రా, నిచ్చెన అక్కడే ఉంది, ఈసారి కింద నిలబడి దిగవే అని అరవను, గట్టిగా పట్టుకుంటాను అంటాను.