ఎనిమిది వేల ఏడువందల నాలుగేళ్ల రోగి

మొన్న హిమాయత్‌నగర్లో మా ఇంటికొచ్చిన మేనకోడలు, రస్ట్ భాషలో తాను రాసిన ప్రోగ్రాం చూపిస్తూ, పేరూ వయసూ లాంటివి గళ్లుగా పేర్చుకునే స్ట్రక్చర్ మీద ఒక్క లైను పెడితే చాలు డేటా అంతా తనంతట తనే ఫైల్లోకి వెళ్లి మళ్లీ తిరిగొస్తుందని చెప్పి, మీ రోజుల్లో ఇదంతా చేత్తో రాసేవారా అత్తా, పాపం, అంది. ఆ పాపం అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మేడ మీద నేను సి భాషలో ప్రోగ్రాములు రాసే రోజుల్లో మా అందరిదీ ఒకటే పద్ధతి, మెమరీలో రికార్డు ఎలా ఉంటే అలాగే ఒక్క దెబ్బకి ఫ్లాపీలోకి కుమ్మరించడం. మా మిషను మీద రాసి మా మిషను మీదే చదువుకునేవాళ్లం కనుక ఏనాడూ తేడా రాలేదు. నాంపల్లిలో ఒక ఆసుపత్రికి రోగుల జాబితా చేసిచ్చినప్పుడూ నేను అదే చేసి, ఫ్లాపీ సంచిలో వేసుకుని నడిచి వెళ్లాను. అక్కడి మిషను వేరే రకం, అంకెని దాచే రెండు గదుల్ని, అంటే రెండు బైట్లని, వెనక నుంచి ముందుకు చదివేది. ముప్పై నాలుగేళ్ల మనిషికి తెర మీద ఎనిమిది వేల ఏడువందల నాలుగేళ్లు! డాక్టరుగారు పకపకా నవ్వారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

తప్పు నాదే, కాదనను. కానీ మా మేనేజరు, "ఏందమ్మా, గింతదానికి ఫికరెందుకు, గా వయసొక్కటి తిప్పి చూపియ్యి, అయిపాయె" అన్నాడు. రేపు మూడో రకం మిషనొస్తే? తిప్పనంటే తిప్పనన్నాను. ఏ బైటు ముందో మనమే కాగితం మీద ఖాయం చేసుకుని, పేరెంత పొడవో ముందు రాసి ఆ తరువాతే పేరు రాసి, ఒక్కొక్కటీ విడివిడిగా మొదటి నుంచీ రాస్తానన్నాను. శుక్రవారానికి కాకపోతే ఉద్యోగం మానుకోమన్నాడు. నాన్నగారు అప్పటికే రిటైరయ్యారు, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది, భయం వెయ్యలేదంటే అబద్ధం. అయినా సరే, సరేనండీ అన్నాను.

శుక్రవారం నాంపల్లిలో అదే మనిషికి ముప్పై నాలుగేళ్లే వచ్చాయి. మేనేజరు తెరకేసి చూసి, ఔ, మంచిగనే ఉంది, అని ఇరానీ చాయ్‌కి వెళ్లిపోయాడు, శభాష్ కూడా లేదు. ఏడాది తిరక్కుండా ఆసుపత్రివాళ్లు నిజంగానే మూడో రకం మిషను కొన్నారు, నా ఫైళ్లు కిక్కురుమనకుండా తెరుచుకున్నాయి.

ఇంతా విన్నాక గాని మేనకోడలు అసలు సంగతి బయటపెట్టలేదు. స్ట్రక్చర్లో రెండు ఫీల్డుల, అంటే రెండు గళ్ల, వరుస మార్చిందట, నిన్నటి ఫైలు ఇవాళ పిచ్చి అంకెలు చూపిస్తోందట, ఆ ఒక్క లైను ఏది ఎక్కడ పెట్టిందో తనకి తెలియదట. ఏ బైటు ముందో ఆనాడు రాసుకున్న నా పాత కాగితం బీరువాలోంచి తీసి ముందు పెడితే, పెన్ను అడిగి తీసుకుని తన ఫీల్డుల వరుస రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆ దుకాణం లేదు, ఫ్లాపీలు లేవు, ఆ మేనేజరూ లేడు. వారం పని ఒక్క లైనుకి దిగింది, సంతోషమే. కానీ ఆ లైను వెనక ఏ బైటు ఎక్కడ కూర్చుందో తెలిసినవాళ్లని ఎవరూ అడగడం లేదు. పాపం అంటారు, అంతే. పాపమెందుకు, అడగండి, నేనింకా ఉన్నాను.