ఎర్రదారం, తెల్లదారం

తనకు తత్త్వశాస్త్రం చెప్పిన గురువుగారు వదిలివెళ్లిన కాగితాలను భానుమూర్తిగారు బెజవాడలో తన ముందుగదిలో కూర్చుని రోజూ కట్టలు కడతారు. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాకే ముట్టుకుంటారు. గురువుగారి దస్తూరీకి ఎర్రదారం, శిష్యులు ఉపన్యాసాలు విని రాసుకున్న నోట్సుకు తెల్లదారం. ఆ తెల్లకట్టలంటే ఆయనకు భయం. "విన్నవాడి చెయ్యి ఊరుకోదమ్మా, సొంత ముక్క ఒకటి కలిపేస్తుంది," అంటారు, పీహెచ్‌డీ పనిమీద వచ్చే వేదశ్రీతో.

ఆవేళ ఆమె, "సార్, చల్లపల్లిలో గురువుగారి సమాధి మీద చెక్కించిన వాక్యం ఎర్రకట్టల్లో ఎక్కడా లేదండీ. ఒక్క తెల్లకట్టలోనే ఉంది. అది మీ నోట్సేనండీ," అంది. భానుమూర్తిగారు ఆ వాక్యం పలికిన గురువుగారి గొంతును గుర్తు తెచ్చుకోబోయారు. రాస్తున్న తన కుర్రచెయ్యి కనిపించింది గాని, గొంతు వినపడలేదు. లేచి, మళ్లీ చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఎంతసేపటికీ కొళాయి కట్టెయ్యలేదు.