మా చేపల తొట్టికి తెల్లమచ్చ సోకినప్పుడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, మా ఆయన మాత్రం పెళ్లైన వారానికే కనిపెట్టాడు. నేను భద్రాచలంలో ఒక చిన్న దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అడవి ఊళ్ల నుంచి జ్వరంతో వచ్చేవాళ్ల వేలి మీద సూదితో పొడిచి, చుక్క నెత్తురు గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద మలేరియా ఉందో లేదో చూసి చెప్పడం నా పని. రోజంతా కంటికి ఆనని వాటితో వేగే మనిషికి, ఇంటికొచ్చాక కంటికి ఆనే మనుషుల మీద ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఇది నా సమర్థింపు. మా ఇంట్లో ఎవరూ దీన్ని ఖాతరు చేయరు.

మా మామ సత్తుపల్లి దగ్గర మిరప రైతు. ఊహ తెలిసినప్పటి నుంచి మిరపే వేశారు. ఆఖరి ఏడు తోటకు నల్ల తామర పురుగు పడి, పూతంతా ముడుచుకుపోయింది. ఆయన కొట్టని మందు లేదు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు, ఒకదాంట్లో ఇంకొకటి కలిపి కూడా కొట్టారు. పురుగు పోలేదు, చేను పోయింది. ఆ తర్వాత ఆయన చేలోకి దిగలేదు. అత్తమ్మ అంతకుముందే చనిపోయింది కాబట్టి మా ఆయన వాళ్ల నాన్నను తీసుకొచ్చి మా దగ్గరే ఉంచాడు. వచ్చిన కొత్తలో పొద్దెక్కినా మంచం దిగేవారు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. బాగున్నారా అంటే "అవ్" అనేవారు. తిన్నారా అంటే తినకపోయినా "అవ్" అనేవారు. ఆదివారం చర్చికి వచ్చినా చివరి బల్ల మీద కూర్చుని, పాటలప్పుడు కూడా పెదవి కదిపేవారు కాదు.

ఆయన్ను మంచం మీద నుంచి లేపింది చేపలే. మా వీధిలో కిరాయికి ఉన్న ఒక టీచరమ్మకు బదిలీ అయితే, మోసుకుపోలేక నాలుగడుగుల గాజు తొట్టిని చేపలతో సహా మాకు ఇచ్చి వెళ్లింది. నేను వద్దంటే వద్దన్నాను. కడిగే పని ఎవరి నెత్తిన పడుతుందో నాకు తెలియదా! కానీ నాలుగో రోజు పొద్దున నేను లేచేసరికి మామ కుర్చీ వేసుకుని తొట్టి ముందు కూర్చుని ఉన్నారు. చేతిలో టీ గ్లాసు. గప్పీలు, మోలీలు, గుండ్రటి పళ్లెంలా ఉండే ఒక ఏంజెల్ చేప, ఇసుకలో మూతి పెట్టి వెతుక్కునే మీసాల చేపలు నాలుగు, అన్నీ ఆయనకేసి తిరిగి ఉన్నాయి. "ఇవి నన్ను గుర్తు పడుతున్నయ్ బిడ్డా" అన్నారు. మేత డబ్బాను గుర్తుపడుతున్నాయి మామా అనబోయి, ఎన్నడూ లేనిది నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి ఆ తొట్టి ఆయనది. పొద్దున లేవడానికి ఆయనకు ఒక కారణం దొరికింది. నాకైతే అది చాలు.

మా ఆయన బస్సు డ్రైవరు, ఖమ్మం రూటు. మొన్నటి క్రిస్మస్‌కు నాన్నకు ఏమి తీసుకోవాలో తోచక, పండుగకు పది రోజుల ముందే ఖమ్మంలో ఎనిమిది టెట్రా చేపలు కొని, నీళ్ల కవరును డ్రైవరు సీటు పక్కన వేలాడదీసుకుని తెచ్చాడు. బస్సులో జనమంతా వాటినే చూశారట. ఇంటికి వచ్చేసరికి పక్కింటి అక్క, ఆమె పిల్లలు, మామ, నేను, అందరం తొట్టి చుట్టూ చేరాం. కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచాలని ఎక్కడో విన్నాను. దవాఖానాలో అయితే జ్వరం మనిషిని పక్క మంచం మీద పడుకోబెట్టనివ్వను కూడా. కానీ ఆ రోజు అందరి మొహాల్లో ఆ సంబరం చూసి, "వేసెయ్యండి మామా, ఏమైతది" అన్నది నేనే. ఆ మాట నేను మర్చిపోయాను. నిజం చెప్పాలంటే, కావాలనే మర్చిపోయాను.

ఐదో రోజుకు చలి పెరిగింది. టెట్రాల మీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. అవి రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. మర్నాటికి ఏంజెల్ చేప తోక మీద కూడా చుక్కలు వచ్చాయి. పక్కింటి అక్క చిటికెడు పసుపు వేయమంది. నేను డ్యూటీ నుంచి వచ్చాక చూస్తానని చెప్పి వెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి తొట్టి నీళ్లు నీలంగా ఉన్నాయి. నీలంలో ఇంకేదో పచ్చ కలిసి ఉంది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. రెండు మోలీలు వెల్లకిలా తేలుతున్నాయి. మామ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏంది మామా ఇది? ఎన్ని మందులు పోసిండ్రు?"

"రెండు రకాలు, బిడ్డా. చేపల దుకాణపాయన ఇచ్చిండు. మచ్చలు కనబడ్డయ్ గదా, జల్దీ జేయాలె అనుకున్న. సీసా మీద రాసినదాని కన్న ఇంత ఎక్కువ పోసిన, గట్టిగ పనిచేస్తదని."

ఆ "గట్టిగ పనిచేస్తదని" అన్న మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. "మిరప చేన్ను మందులు కొట్టి కొట్టి పాడు జేసింది సాల్లేదా? ఇప్పుడు వీటిని గూడ సంపుతరా?"

అనేశాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే మాట బయటికి పోయింది. ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. నేను సగం నీళ్లు తోడి పారబోసి, బోరు నీళ్లు పట్టి పోశాను. చేపలు కొంచెం తేరుకున్నాయి. ఆయన ఆ పూట అన్నానికి రాలేదు. మా ఆయనకు విషయం చెబితే నావైపు ఒక చూపు చూశాడు తప్ప నోరెత్తలేదు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

పొద్దున లేచేసరికి తొట్టి ముందు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. తొట్టిలో ఇంకో మోలీ అప్పుడే ప్రాణం వదిలింది, ఒంటి నిండా చుక్కలు. క్షమించమని అడగడం నాకు చేతకాదు, చిన్నప్పటి నుంచీ అంతే. చేతనైనదే చేశాను. ఆ చేపను నా బ్యాగులో ఉన్న కొత్త మూత్రం శాంపిల్ డబ్బాలో, తొట్టి నీళ్లతోనే వేసుకుని, మామ మంచం దగ్గరకు వెళ్లి, "లేవండి మామా, దవాఖానాకు పోవాలె" అన్నాను. "నాకేం జ్వరం లేదు" అన్నారు. "మీకు కాదు, చేపకు" అన్నాను. ఆయన తల తిప్పి చూశారు. అంతే చాలనుకుని స్కూటీ తీశాను. ఆయన వచ్చి వెనక ఎక్కారు.

పేషెంట్లు రాకముందే ల్యాబు తెరిచాను. చేప ఒంటి మీద జిగురును పలక అంచుతో గీకి, నీటి చుక్కలో వేసి, పైన పల్చటి గాజు కప్పి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఉంది. గుండ్రటి పెద్ద ప్రాణి, చుట్టూ సన్నటి నూగు, లోపల గుర్రపు లాడంలా వంకీ, మెల్లగా తన చుట్టూ తను దొర్లుతోంది. ఇన్నేళ్లలో నేను చూసినవాటన్నిటికంటే అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. మామను స్టూలు మీద కూర్చోబెట్టి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆయన రెండో కన్ను చేత్తో మూసుకుని వంగారు.

"తిరుగుతాంది బిడ్డా."

"అవ్ మామా. గదే తెల్లమచ్చ. అది చేప తోలు కింద ఉంటది. మనం పోసిన మందు అక్కడికి పోదు."

"మరి యాడ దొరుకుతది?"

రాత్రి చదివి తెలుసుకున్నదంతా చెప్పాను. కడుపు నిండాక అది చేపను వదిలి తొట్టి అడుగుకు జారుతుందని, అక్కడ చుట్టూ ఒక గూడు కట్టుకుని ఒక్కటి వందలుగా పగులుతుందని, ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ నీళ్లలో ఈదే కాస్త సమయంలోనే ఏ మందైనా, ఉప్పైనా వాటిని చంపగలదని, నీళ్లు వెచ్చగా ఉంటే ఆ తిరుగుడంతా తొందరగా అయిపోతుందని. ఆయన మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు.

"తామర పురుగు గూడ గంతే," అన్నారు చివరికి. "సగం దినాలు మన్నుల ఉంటది. మేమేమో ఆకు మీద కొట్టినం."

బయట జ్వరం మనుషులు వరుసలో కూర్చుంటున్నారు. ఆయన లేచి వాళ్లకు దారి ఇచ్చి, ఇంటికి నడిచి పోయారు. నేను దింపుతానన్నా వినలేదు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో వైద్యం మొదలైంది. భద్రాచలం ఎండలకు చేపల తొట్టికి హీటరు అవసరమని ఎవరూ అనుకోరు, ఇక్కడ దుకాణంలో అడిగితే నవ్వారు. మా ఆయన మర్నాడే ఖమ్మం నుంచి తెచ్చాడు. నీళ్లను ఒక్కసారిగా కాకుండా రెండు రోజుల్లో వెచ్చబెట్టాం. పది లీటర్లకు రెండు చెంచాల లెక్కన దొడ్డుప్పు బకెట్లో కరిగించి కొద్దికొద్దిగా పోశాం, మీసాల చేపలకు పొలుసులుండవు, వాటికి ఎక్కువ ఉప్పు పడదు. గాలి బుడగల రాయి ఇంకోటి పెట్టాం. రోజూ పొద్దున గొట్టంతో అడుగు ఇసుకను పీల్చి, ఆ నీళ్లు పారబోసి, అంతే వెచ్చటి నీళ్లు పోయాలి. ఆ పని మామది. చెంచాను వేలితో చదును చేసి మరీ కొలిచేవారు. ఇసుకను సాలు వెంట సాలుగా, ఒక్క మూల వదలకుండా పీల్చేవారు. నేను ఒకసారి మధ్యలో వేలు పెట్టబోతే, "తొక్కకు, ఈ సాలు అయిపోయింది" అన్నారు. పక్కింటి అక్క పాస్టరుగారితో ప్రార్థన చేయిద్దామా అంటే, ముందు అడుగు కడగనీయమని చెప్పారు. అంత మాట ఆయన నోటి నుంచి వచ్చి ఎన్నాళ్లయిందో!

ఒక టెట్రా పోయింది. మిగిలినవి మేతకు రావడం మొదలుపెట్టాయి. ఆరో రోజుకు ఏ చేప మీదా ఒక్క చుక్క లేదు. కొత్త సంవత్సరం ఆరాధనకు ఇల్లంతా సర్దుతున్నాను. బకెట్లు, గొట్టాలు, ఉప్పు డబ్బా కాళ్లకు అడ్డం పడుతున్నాయి. "తగ్గిపోయింది గదా" అని హీటరు ప్లగ్గు తీయబోయాను.

"చెయ్యి తియ్యి," అన్నారు మామ.

వెనక్కి తిరిగి చూశాను. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. చేలో కూలీలను కేకేసే గొంతు అయి ఉంటుంది.

"పైన కనబడ్తలేదంటే పోయినట్టేనా? అడుగున ఎన్ని ఉన్నయో నీకెరుకనా? జ్వరం పోయిందని మలేరియా గోలీలు నడిమిట్ల ఆపినోళ్లను నువ్వు దవాఖానాల తిట్టవా? ఇంకో వారం ఉప్పు ఉంటది, హీటరు ఉంటది. నువ్వు వంటింట్లకు పో."

పోయాను. పద్నాలుగు రోజుల మాత్రలు పూర్తిగా మింగాలని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! కోయ మాటల్లో కూడా నేర్చుకుని చెబుతాను. తీరా నా ఇంట్లో నేనే ఆరో రోజు ఆపేయబోయాను. రెండు రోజుల తర్వాత ఏంజెల్ చేప రెక్క మీద మళ్లీ మూడు చుక్కలు కనిపించాయి. ఆయన నన్ను పిలిచి, వేలితో చూపించి, గొట్టం అందుకున్నారు. అవీ పోయాయి. ఆ తర్వాత ఇంకో వారం పూర్తిగా, ఆయన లెక్క ప్రకారమే నడిచింది.

ఆఖరి రోజు ఉప్పు నీళ్లు తోడేస్తుంటే నేను బకెట్ పట్టుకున్నాను. చేపలు ఆయన చేతి చుట్టూ తిరుగుతున్నాయి. ఎదురుగా మొహం చూడనక్కర్లేదు కాబట్టి అదే అదను అనుకున్నాను. ఇన్నాళ్లూ దాచుకున్న మాట అనేశాను.

"మామా, ఆ రోజు నేను గట్ల అనకుండ ఉండాల్సింది. తప్పయింది."

ఆయన గొట్టాన్ని ఇంకో మూలకు జరిపారు. అక్కడి మురికి లేచి గొట్టంలోకి పోయేదాకా ఆగారు.

"నువ్వన్నది అబద్ధమేం కాదు బిడ్డా. చేను నేనే పాడు జేసుకున్న. కని అప్పుడు నన్ను గిట్ల కూసోబెట్టి ఎవ్వలు చూపియ్యలే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నావైపు చూడలేదు.

"బకెట్ నిండింది, చూసుకో," అన్నారు.