నీళ్లాడటానికి బండి అడిగిన అవ్వ

నాకు దయ్యాలంటే ఎప్పుడూ నమ్మకం లేదు. శ్మశానం పక్కగా పోవాల్సి వస్తే ఈల వేసుకుంటూ పోయే రకం నేను. అలాంటి కథలు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకో సరదా. అయినా ఈ ఒక్కటి రాస్తున్నాను, అది కూడా సిగ్గుతో. ఇన్నేళ్లూ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

యాభైల మొదట్లో సంగతి. కృష్ణ అవతల అడవి అంచు పల్లెల్లో ఒక పక్క పోలీసులు, ఒక పక్క తుపాకులు పట్టి అడవిలో చేరినవాళ్లు. మధ్యలో నలిగిపోయిన జనం మూటలు కట్టుకుని, పుట్టి పడవల్లో ఏరు దాటి మా వైపు వచ్చేశారు. నందికొట్కూరు బయట వాళ్ల కోసం బోదగడ్డి కప్పిన కొట్టాలు వేయించారు. వాటి బాగోగులు చూసే తాత్కాలిక గుమాస్తాగా నన్ను పెట్టారు. మాది వేంపల్లె. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నాకంటే పెద్దవాళ్లు చేతులు కట్టుకుని "సారూ" అంటుంటే కళ్లు నెత్తికెక్కాయి.

ఆ ఏడు వానల్లేవు. దగ్గరి బావులన్నీ ఎండిపోయాయి. రెండు మైళ్ల అవతల నుంచి పీపాయి బండిలో నీళ్లు తేవాలి. ఇంటికి రెండు బిందెలు. పిల్లలకు విరేచనాలు, కళ్లకలకలు. పెద్దవాళ్లకు చలిజ్వరం. డాక్టరు వారానికొకసారి వచ్చేవాడు. ఈలోపు ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పీపాయి దించేసి, అదే బండిలో ఊళ్లో ఆసుపత్రికి పంపాలి. దానికి నేను చీటీ రాయాలి. నా చీటీ లేకుండా బండి కదలదు.

ఆ రోజు పొద్దున పది గంటలై ఉంటుంది. అప్పటికే ఎండ మండిపోతోంది. ఆడవాళ్లు బిందెలతో వరసలో నిలబడ్డారు. ఒక ముసలామె వరసలో నిలబడకుండా నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చింది. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంది. ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. చీర నడుము దాకా తడిసి నీళ్లోడుతోంది. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. తాగే నీళ్లు కాజేసి స్నానం చేసి వచ్చిందనుకున్నాను.

"కోడలు నీళ్లాడలేక తిప్పల పడుతుంది అయ్యా. జర బండి ఇప్పియ్యి," అంది.

"తాగేదానికే నీళ్లు ల్యాకుంటే, నీ కోడలు నీళ్లాడేదానికి బండి కావల్నా? బండీ లేదు గిండీ లేదు, పో! నాలుగు దినాలు నీళ్లాడకుంటే సచ్చిపోదులే!" అని అరిచాను.

వరసంతా గమ్మునైపోయింది. నాకు జడిశారని లోలోపల సంతోషించాను, దాచేదేముంది. రిజిస్టరులో ఒక పేరు చూసుకుని తలెత్తేసరికి ఆమె లేదు.

మధ్యాహ్నం బండి తోలే మద్దిలేటి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సారూ, నాలుగో కొట్టంలో బాలయ్య పెండ్లాం కాన్పు కాలేక అల్లాడతాండాది. బిడ్డ అడ్డం తిరిగినట్టుండాది," అన్నాడు. వెంటనే చీటీ రాసిచ్చాను. ఎంత చురుగ్గా రాశానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. బండి ఆసుపత్రికి చేరేలోపే తల్లీ బిడ్డా పోయారు.

సాయంత్రం ఆసుపత్రి నర్సమ్మ వచ్చి నన్ను నిలదీసింది. నిన్నటి నుంచి నొప్పులు పడుతున్న మనిషిని పొద్దున్నే ఎందుకు పంపలేదని అడిగింది. నాకెవరూ చెప్పలేదన్నాను. ఒక ముసలామె మాత్రం స్నానానికి నీళ్ల బండి అడిగితే తిట్టి పంపానన్నాను. ఏమని అడిగిందో ఆ మాటే చెప్పమంది. చెప్పాను.

"నీళ్లాడేదంటే కాన్పయ్యేదప్పా," అంది నర్సమ్మ.

ఏటి అవతల అందరూ అలాగే అంటారట. మా వైపు ముసలివాళ్లకూ తెలిసిన మాటేనట. నేను తల్లి లేని ఇంట్లో, మగవాళ్ల మధ్య పెరిగాను. ఆ మాటకు అలాంటి అర్థం ఉందని నాకెవరు చెబుతారు?

మర్నాడు ఆ ముసలామె కాళ్ల మీద పడదామని నాలుగో కొట్టానికి పోయాను. బాలయ్య గుంజకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మీ అమ్మ ఏదని అడిగాను.

"మా అమ్మ ఏడున్నది సారూ? వచ్చేనాడు పుట్టి తిరగబడి ఏట్లనే పాయె. ఒడ్డుకు తీసి నా చేతుల్తోనే బొంద పెట్టిన," అన్నాడు. వాళ్లు ఏరు దాటి అప్పటికి వారమైంది.

పచ్చబొట్టు గురించి చెప్పాను. తెగిన చెవి గురించి చెప్పాను. అతను గుంజ వదిలి ముందుకు వంగి, "మా అమ్మను నువ్వేడ చూసినవ్?" అన్నాడు.

ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. అప్పుడు నాకు భయం వేయలేదు, గుండె తేలికయింది. బతికున్నవాళ్లెవరూ నన్ను బండి అడగలేదు కదా, ఇందులో నా తప్పేముంది అనుకున్నాను. జన్మలో దయ్యాన్ని నమ్మని నేను ఆ ఒక్క నిమిషం దయ్యం ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఎంత నీచం.

పక్క కొట్టం ఎల్లమ్మ అక్కడే ఉంది. నిన్న వరసలో అందరికంటే ముందున్నది ఆమే. ముసలామెను చూశావా అని అడిగాను.

"ఎవ్వరు లేరు సారూ. నువ్వొక్కనివే మా దిక్కు చూసి ఒర్లినవ్. ఈ బాలయ్య పెండ్లాం కోసం బండి అడుగుదామనే నేను వచ్చిన. నోరు తెరవకముందే బండి లేదంటివి, నీళ్లాడకుంటే సావదంటివి. ఎర్కుండి గూడ ఇయ్యనంటుండు, ఇంకేమడుగుతమని వాపసు పోయిన. పొద్దు తిరిగినంక గోస చూడలేక మద్దిలేటికి చెప్పినం," అంది.

బాలయ్య అంతా విన్నాడు. లేచి, ఖాళీ బిందె తీసుకుని నీళ్ల వరసలో నిలబడటానికి పోయాడు.

నేను చూసిందెవర్నో, విన్నదెవరి గొంతో ఈ రోజుకీ నాకు అంతుబట్టలేదు. ఎండదెబ్బ అనుకుందామంటే, ఎన్నడూ చూడని మనిషి పచ్చబొట్టు నాకెలా కనబడింది? నాకు తెలియని అర్థంలో ఆ మాట నా చెవిన ఎలా పడింది? జవాబు వెతకడం కూడా మానేశాను. ఆమె అడిగింది నాకొక్కడికే వినబడింది. నేనన్నది మాత్రం వరసంతా విన్నది.