మళ్లీ మాస్టారు

మా మాస్టారికి ఏ మాటా ఒక్కసారికి వినపడదు. పైకప్పు ఊడిపడుతోందని చెప్పినా "మళ్లీ చెప్పండి" అంటారు. అందుకే మా బ్యాచ్‌లో ఆయనకి "మళ్లీ మాస్టారు" అనే పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టిందెవరన్నది ఇక్కడ అనవసరం.

విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లకి తర్ఫీదు ఇవ్వడం ఆయన ఉద్యోగం. మబ్బులో రన్‌వే కనపడకపోయినా పరికరాలు చూసుకుంటూ దిగే కొత్త దారి ఒకటి మా ఎయిర్‌పోర్టుకి మంజూరైంది. దారైతే వచ్చింది గానీ, దాన్ని నడిపే మనుషులు చాల్లేదు. మేం ఉత్తుత్తి రాడార్ ముందు కూర్చుంటే, పక్కగదిలో ఆయన మైకు పట్టుకుని అన్ని విమానాలకీ తానే పైలట్ అయ్యేవారు.

"ఎడమకి తిరగండి" అంటాం, మహా ధీమాగా.

"మళ్లీ చెప్పండి."

విసుక్కుంటూ స్క్రీన్ చూసుకుని "కుడికండీ, కుడికి" అని అరుస్తాం. చెవుల డాక్టరు అడ్రసు రాసి ఆయన బల్ల మీద పెట్టాం కూడా. శ్రద్ధగా చదువుకుని జేబులో పెట్టుకున్నారు.

ఓసారి వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లోంచి ఆయన భార్య, "మీతో వేగడం నావల్ల కాదు, మా అన్నయ్య దగ్గరికి పోతున్నా" అంది.

"మళ్లీ చెప్పు" అన్నారు మాస్టారు, పేపరు దించకుండా.

లోపల గిన్నె ఒకటి ఠంగుమని పొయ్యి మీదికెక్కింది. "కాఫీ తాగుతారా అంటున్నాను" అందావిడ.

"రెండు కప్పులు." ఇది మాత్రం మొదటిసారికే వినపడింది.

నా పరీక్ష రోజు వచ్చింది. అంతకుముందే ఒకసారి తప్పాను, ఇది ఆఖరి అవకాశం. పోతే ఇక జన్మంతా రన్‌వే పక్కన గడ్డి కోసే ట్రాక్టర్లకి దారివ్వడమే. పరీక్షాధికారి నా వెనకే పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. అంతా సవ్యంగా సాగి, చివర్లో అలవాటుకొద్దీ కొత్త దారి ఎత్తుకి బదులు పాత దారి ఎత్తు నోటికొచ్చేసింది. "మూడు వేల అడుగులకి దిగండి" అన్నాను. ఆ ఎత్తులో, ఆ పక్కనే, అప్పటికే ఇంకో విమానం ఉంది.

"మళ్లీ చెప్పండి" అంది హెడ్‌ఫోన్.

ఒళ్లు మండిపోయింది. ఇవాళ కూడానా ఈయన చెవుడు! "మూ..." అంటూ స్క్రీన్ వైపు చూశాను. మూడు వేల దగ్గర ఆ రెండో విమానం చుక్క కనపడింది.

"సవరణ. నాలుగు వేలకి దిగండి."

"నాలుగు వేలు" అన్నారాయన, రెప్పపాటులో.

పరీక్షాధికారి "సకాలంలో దిద్దుకున్నారు" అని పాస్ చేశాడు. నేను పక్కగదికి పరిగెత్తాను.

"మాస్టారూ, మీకు ముందే వినపడింది కదూ? రెండోసారీ మూడే అని ఉంటే?"

"దింపేసేవాణ్ణమ్మా. అడగడం వరకే నా వంతు."

అప్పుడు తట్టింది. మేం సరిగ్గా చెప్పిన రోజున ఆయన ఏనాడూ మళ్లీ అడగలేదు. ఆ క్షణాన ఆయన మీద ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది నాకు.

ఆయన హెడ్‌ఫోన్ తీసి, కళ్లజోడు తుడుచుకుంటూ అడిగారు. "నాకా 'మళ్లీ' పేరు పెట్టింది నువ్వే కదూ?"

నేను నేలచూపులు చూస్తూ అన్నాను. "మళ్లీ చెప్పండి మాస్టారూ."

ఆయన కళ్లజోడు పెట్టుకుని నా వైపు చూశారు.

"కాఫీ తాగుతావా అన్నాను."