ఎడమచేతి రొట్టె

“ఎడమచెయ్యి పిండిలో పెట్టేది లేదంటే లేదు!”

“అట్లయితే పస్తుండు అత్తా. రేపు పొద్దున బస్సుకు నేను నంద్యాలకు పోతాండా. మా అమ్మకు కన్ను ఆపరేషను. నాలుగు దినాలు రాను.”

“పోవే, పో! వద్దంటినా? హోటల్లోంచి ఇడ్లీ తెప్పించుకుంటాం.”

“నువ్వా? హోటలుకు దుడ్లిచ్చేది?”

గడప దగ్గర నీళ్లు తాగుతున్న మా ఇంటాయనకు ఆ మాటతో పొలమారింది. దగ్గుతూనే నవ్వాడు. నాకు ఇంకా మండింది.

గడ్డి కోసే మిషన్‌లో పోయింది నా కుడిచెయ్యి. బర్రెకని జొన్నచొప్ప పెడుతుంటే చొప్పతో పాటు చేతినీ లాక్కుపోయింది. నంద్యాల ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ, మణికట్టు దాకా తీసేశారు. కొడుకు లారీ మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ఆళ్లగడ్డకు తిరిగొచ్చిన నాటి నుంచి కోడలే ముద్ద కలిపి నా నోట్లో పెట్టేది. ఇంటికి ఎవరైనా వచ్చి చూస్తే తల కొట్టేసినట్టుండేది. అయినా ఎడమచెయ్యి కంచంలో పెట్టడానికి మనసొప్పేది కాదు. ఆ చేత్తో ఏం కడుక్కుంటామో అందరికీ తెలిసిందే. అన్నం దగ్గర ఎడమచెయ్యి చాపితే పిల్లల వీపు వాయగొట్టి పెంచినదాన్ని నేను.

కోడలు దండెం మీది టవలు లాగింది.

“మామా, ఇట్ల రా. ఈ టవలుతో నా కుడిచెయ్యి నడుముకు కట్టు.”

ఆయన కట్టాడు. కోడలు జొన్నపిండిలో ఉడుకునీళ్లు పోసి, ఎడమచేత్తో పిసికి, పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. పీట ఒక పక్కకు పోయింది, పిండి ఇంకో పక్కకు పోయింది. రొట్టె మేక చెవిలా సాగింది.

“ఏందే అది? రొట్టెనా, పాతగుడ్డనా?”

“నోటితో ఎవరైనా తడతారత్తా. చేత్తో తట్టు చూద్దాం.”

అంతలో పిండిముద్ద జారి నేల మీద పడింది. బంగారంలాంటి పిండి!

“జరుగు! పిండంతా పాడుచేస్తాండావు!”

ఎట్లా కూచున్నానో నాకే తెలియదు. ఎడమ అరచేత్తో తడుతూ, గాయం మానిన మొండిచేత్తో అంచును నెట్టాను. రొట్టె తిరిగింది! గుండ్రంగా రాలేదు గానీ, తిరిగింది! పీట జారకుండా ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి పొయ్యి దగ్గర కూచోవడం అదే మొదలు. తీరా పెనం మీద వేయబోతే పచ్చిరొట్టె సగం పెనం మీద, సగం ఆయన మోకాలి మీద పడింది.

“ఏమే, నన్ను గూడా కాలుస్తావా?”

కోడలు ఒంటిచేత్తో కడుపు పట్టుకుని గోడకు ఒరిగిపోయింది. నేనూ ఆపుకోలేకపోయాను. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకుంటే మొహమంతా పిండి. అది చూసి వాళ్లకు మళ్లీ నవ్వు. కోడలి కట్టు విప్పాలని చాలాసేపు ఎవరికీ తోచలేదు.

ఆ పూటకు మాత్రం కోడలే తినిపించింది. కంచంలో చెయ్యి పెట్టడానికి ఇంకా జంకుగానే ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే కోడలు నంద్యాల బస్సెక్కింది. నేను పొయ్యి ముట్టించి రెండు రొట్టెలు తట్టాను. బాగా వచ్చినది ఆయనకు పెట్టాను. మధ్యలో చిరిగినది శనక్కాయల చట్నీతో ఎడమచేత్తో తిన్నాను.