వంటింట్లో చదవని డ్యూటీ చార్టు

మా పెద్దమేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను హాస్టల్ వంటింట్లో ఉప్మా మాడగొడుతున్నాను. వార్డెన్‌కు వంటింట్లో ఏం పని అని మీరడగొచ్చు. మా పెద్ద వంటమనిషి పని మానేసి అప్పటికి పన్నెండు రోజులు. మానేసింది నా వల్లే. ఆమెను వెనక్కి తెచ్చుకోమని మేడం నాకు చెప్పిన పని అట్లాగే ఉండిపోయింది, మేడం వెళ్ళిపోయారు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఏడ్చాను.

కరీంనగర్‌లో మా ఆడపిల్లల కాలేజీ హాస్టల్‌కు పెద్దమేడం చీఫ్ వార్డెన్. మందమర్రి బొగ్గుబావి కార్మికుడి కూతురు. నేను అసిస్టెంటుగా చేరిన రోజున, మేనేజ్‌మెంట్ కోర్సు చదివొచ్చానన్న పొగరుతో ఫైళ్ళు చూపించమన్నాను. ఆమె నా చేతికి ఉల్లిగడ్డల బుట్ట ఇచ్చారు.

"వారం రోజులు వంటోళ్ళ పక్కన కూసో బిడ్డా. ఎవరింట్ల ఏమున్నదో ఎరుకైనంక ఫైలు చూద్దువు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అయినా ఎవరి భర్త దుబాయిలో ఉన్నాడో, ఎవరి అత్త మంచాన పడిందో ఆ వారంలోనే తెలిసింది.

ఎవరినైనా మందలించాలంటే ఆమె ముందు లేచి ఆఫీసు కిటికీ మూసేవారు. ఆ రెక్క చప్పుడు వింటే చాలు, ఎవరికో మూడిందని హాస్టలంతా గుసగుసలు. నా కోసమూ చాలాసార్లు మూశారు. హుస్నాబాద్ నుంచి వచ్చిన ఒక ఫస్టియర్ పిల్ల ఆలస్యంగా హాస్టల్‌కు తిరిగొచ్చిందని నేను అందరి ముందూ నిలదీశాను. "గా పిల్ల రేపు నీకు నిజం చెప్తదా?" అని మేడం ఒక్కటే అడిగి, మూసిన కిటికీ తెరిచి, ఇద్దరికీ చాయ్ తెప్పించారు.

ప్రతి నెలా డ్యూటీ చార్టు రాసి, గోడకు అంటించే ముందు వంటింట్లో నిలబడి పైకి చదివేవారు. "ఎవరికన్న తిప్పలుంటే ఇప్పుడే చెప్పుండ్రి" అనేవారు. కళ్ళుండగా ఈ చదవడం దేనికని నేను లోపల నవ్వుకునేదాన్ని.

పోయిన డిసెంబరులో ఆమె జబ్బుపడి మందమర్రిలో తమ్ముడి ఇంటికి వెళ్ళారు. చార్టు మొదటిసారి నేను వేశాను, కంప్యూటర్లో, వరుస ప్రకారం, ఎవరికీ ఎక్కువ తక్కువ లేకుండా. చదవలేదు. అంటించి వెళ్ళిపోయాను. క్రిస్మస్ నాటి వంట మా పెద్ద వంటమనిషికి పడింది. అందరం అక్క అని పిలిచే ఆమె చర్చికి వెళ్ళే మనిషి. సద్దుల బతుకమ్మకూ దసరాకూ మిగతా ఇద్దరు వంటోళ్ళనూ ఇళ్ళకు పంపి, వంటంతా తానొక్కతే చేసింది. బదులుగా క్రిస్మస్ నాడు వాళ్ళు చేయాలి. ఏ కాగితం మీదా లేని ఈ మాట వంటింట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. వాళ్ళు మార్చుకుంటామన్నారట. "చిన్నమేడం రాసింది గద, ఉండనియ్యుండ్రి" అని అక్కే వద్దందట. పండుగ పూట తెల్లారకముందే వచ్చి వండింది. నెలాఖరున తాళంచెవులు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మేడంకు ఫోన్ చేసి బతిమాలాను. మీరొక్క మాట చెబితే వస్తుంది మేడం అన్నాను. ఆమె గొంతు అప్పటికే పీలగా ఉంది.

"నేను పిలిస్తే నా కోసం వస్తది. రేపు నేనుండ. నువ్వే వాళ్ళింటికి పో. తప్పైందను. ఎట్లయిందో చెప్పకు."

వెళ్తానన్నాను. వెళ్ళలేదు. ఈ రోజు పరీక్షలు, రేపు మీటింగ్ అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. వంటమనిషి గడప తొక్కి తప్పైందని చెప్పడానికి నాకు సిగ్గు. ఈలోగా మిగతా ఇద్దరూ మేమూ మానేస్తామంటున్నారు. పిల్లలు సగం కడుపుతో క్లాసులకు వెళ్తున్నారు. ఇద్దరి తల్లులు వచ్చి సామాను సర్దించుకుని పిల్లల్ని తీసుకుపోయారు. మేడం ఇరవై ఏళ్ళు నిలబెట్టిన హాస్టల్ నా చేతిలో పన్నెండు రోజులు నిలబడలేదు.

మందమర్రిలో అంత్యక్రియలయ్యాక అక్క కనిపించింది. వచ్చినవాళ్ళకు నీళ్ళిస్తోంది. దగ్గరికి వెళ్ళి "తప్పైందక్కా" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు.

ఆమె చెంబు కింద పెట్టింది. "మూడ్రోజుల కింద పెద్దమేడం ఫోన్ చేసింది. ఆ పిల్ల వచ్చిందా అని అడిగింది. రాలే అని చెప్పిన. వస్తది, జర ఆగు అన్నది. నేను ఆగిన, మేడం" అంది.

నేను వెళ్ళలేదని తెలిసే మేడం పోయారు. వెళ్తానని నమ్మి పోయారు.

తిరుగు బస్సు ఇద్దరం ఒకటే ఎక్కాం. ఆమె ముందు సీట్లో, నేను వెనక. రాత్రి వంటకు పొయ్యి వెలిగించే వేళకు బస్సు మా హాస్టల్ స్టేజీలో ఆగింది. నేను దిగి, మెట్టు పక్కనే నిలబడి ఆమె వైపు చూశాను. ఆమె ఒడిలో సంచి గట్టిగా పట్టుకుంది.

"ఇంకెవలన్న దిగేటోళ్ళున్నరా?" అని కండక్టర్ అడిగాడు.

వాళ్ళిల్లు తర్వాతి స్టేజీలో, నేనింకా తొక్కని గడప. ఆమె నన్నే చూస్తూ కూర్చుంది. బస్సు కదిలింది.